ఎనిమిదో నంబరు శత్రువు

తూర్పు గ్యాలరీలో మామ్మ లేచి నిలబడింది. ఆవిడ లేచిందంటే చుట్టూ నాలుగు వరుసలవాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకోవాల్సిందే.

"ఏమే ఎనిమిదీ, నలుగురి దగ్గర బంతి లాక్కుంటే సరిపోయిందా? గోల్ కొట్టడం చేతకాక పక్కదానికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటావు. సిగ్గు లేదూ?"

మైదానం మధ్యలో ఉన్న ఎనిమిదో నంబరు తలెత్తి చూడలేదు. కానీ గ్యాలరీ ఊరుకుంటుందా? వెనక వరుసలో బస్సు డ్రైవరు లేచాడు. ఆ పిల్ల అప్పజెప్పబట్టే కదా గోలైంది, నీకసలు కళ్ళున్నాయా అని మామ్మని కడిగేశాడు. అవతల బ్యాంకు గుమాస్తా వేళ్ళు మడిచి మరీ, ఈ సీజన్లో ఎన్ని గోల్స్ ఎనిమిదో నంబరు కాలి మీదుగా వెళ్ళాయో లెక్క చెప్పాడు. పది నిమిషాల్లో గ్యాలరీ అంతా ఎనిమిది, ఎనిమిది అని ఒకటే గోల.

ఫుట్‌బాల్లో మిడ్‌ఫీల్డర్ బతుకు మహా అన్యాయమైన బతుకు. ముందు వరుస అమ్మాయి గోల్ కొడితే పేపర్లో ఫోటో వేస్తారు. గోల్‌కీపర్ ఆపితే చప్పట్లు కొడతారు. ఈ ఇద్దరి మధ్యా తొంభై నిమిషాలు పరిగెత్తి, లాక్కుని, అందించి, మళ్ళీ పరిగెత్తేదాన్ని పట్టించుకునే నాథుడుండడు. ఇల్లు ఊడవడం లాంటి పని అది. ఊడిస్తే ఎవరికీ కనపడదు, ఒక్కరోజు మానేస్తే అందరికీ కనపడుతుంది. మన ఎనిమిదో నంబరు ఎనిమిదేళ్ళు అలాగే ఆడింది. జట్టు కప్పు గెలిచిన మర్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఆమెను ఆపి, ఎవరి తాలూకమ్మా అని అడిగాడు.

మామ్మ రావడం మొదలెట్టాకే పరిస్థితి మారింది. మూడేళ్ళుగా ఆవిడ ఒక్క మ్యాచ్ వదల్లేదు. కాసేపు తల వంచుకుని ఒళ్ళోకి చూసుకునేది. జపం చేసుకుంటోంది కాబోలు అనుకునేవారు పక్కవాళ్ళు. ఉన్నట్టుండి లేచి అందుకునేది. ఆవిడ నోరు మూయించాలంటే జనం ఎనిమిదో నంబరు ఆట చూడక తప్పలేదు. చూడగా చూడగా అలవాటైంది. రెండో ఏడు ఆమె బొమ్మతో బ్యానర్లు కట్టారు. మూడో ఏడు అభిమానులు ఓట్లేసి జట్టులో ఉత్తమ క్రీడాకారిణి ఆమేనన్నారు.

జట్టులో మిగతా అమ్మాయిలకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ ముసలావిడను గేటు బయటే ఆపెయ్యాలని క్లబ్ కార్యదర్శికి అర్జీ రాశారు. సంతకం పెట్టనిది ఎనిమిదో నంబరు ఒక్కతే. పెద్దావిడ, టికెట్ కొనుక్కుని వస్తోంది, అననివ్వండి పాపం అంది. ఆ మాట పేపర్లో పడింది. ఎంత ఓర్పు, ఎంత సంస్కారం అని చదివినవాళ్ళంతా మురిసిపోయారు.

అలాంటి మామ్మ ఈ సీజన్ చివర్లో మాయమైపోయింది. మూడు మ్యాచులు గడిచాయి, సీటు ఖాళీ. బస్సు డ్రైవరు కునికిపాట్లు పడ్డాడు. గుమాస్తా ఫోన్ చూసుకున్నాడు. ఎనిమిదో నంబరు ఎప్పటిలాగే లాక్కుంది, అందించింది, పరిగెత్తింది. ఎవరూ కిక్కురుమనలేదు.

సరిగ్గా అప్పుడే ఆమె కాంట్రాక్టు ముగింపుకొచ్చింది. ముప్ఫై రెండేళ్ళు. ఈ క్లబ్ వద్దంటే ఇంకో క్లబ్ గడప తొక్కనివ్వదు, ఆట అయిపోయినట్టే. కార్యదర్శి కాగితం చూసి, ఏడాదంతా కలిపి రెండే గోల్సు, పంపించేద్దాం అన్నాడు. జనం ఆమె కోసమే వస్తారని కోచ్ వాదించాడు.

"ఏ జనమయ్యా? మొన్నటి మ్యాచ్‌లో ఒక్కడైనా ఆమె పేరెత్తాడా?"

ఆదివారం ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా ఆగమని కోచ్ బతిమాలుకున్నాడు. ఆ అమ్మాయి లేకపోతే తన జట్టు ఎక్కడికక్కడ ఊడిపోతుందని అతనికి తెలుసు. ఇక లాభం లేదని టికెట్ కౌంటర్‌కి వెళ్ళి, సీటు నంబరు చెప్పి, మామ్మ చిరునామా సంపాదించాడు. ఎనిమిదో నంబరుకి తెలిస్తే బాధపడుతుందని, ఆమె ఫిజియో దగ్గర ఉండే సమయం చూసుకుని మరీ బయల్దేరాడు.

లిఫ్టు లేని మూడో అంతస్తు. తలుపు తీసిన మామ్మకి నల్ల కళ్ళద్దాలున్నాయి. రండి బాబూ అన్న గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఇల్లు తప్పానేమో అనుకున్నాడు కోచ్. ఆవిడ గోడ పట్టుకుని వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఫ్యాన్ గాలి సరిపోతోందా అని రెండుసార్లు అడిగింది.

కోచ్ సిగ్గు విడిచి అసలు సంగతి చెప్పేశాడు.

"ఆదివారం ఒక్కరోజు వచ్చి మా అమ్మాయిని నాలుగు తిట్టి పోండి మామ్మగారూ. మీరు తిట్టకపోతే ఆ పిల్ల బతుకు వీధిన పడుతుంది. కారు నేనే పంపిస్తాను."

మామ్మ కంగారుపడింది. తనకీ రావాలనే ఉందంది. కానీ కంటి ఆపరేషన్ అయి మూడు వారాలే అయిందనీ, ఇంకో నెలదాకా అక్షరం ముక్క చదవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడనీ దిగులుగా అంది.

కోచ్ తెల్లబోయాడు.

"చదవడమెందుకండీ? కళ్ళు మూసుకునే తిట్టండి. మీకు అలవాటైన పనే కదా."

మామ్మ నొచ్చుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"నాకు తిట్టడం ఎక్కడొచ్చు బాబూ, ప్రతి మ్యాచ్‌కీ ముందురోజు కూర్చుని రాసిచ్చేది మా కోడలే, మీ ఎనిమిదో నంబరు."