నాగలత కట్టించిన తాయెత్తు

కొడుకు చేతికున్న వెండి తాయెత్తును కళ్ళకద్దుకోనిదే నాగలతకు తెల్లవారదు.

కడప దర్గాలో తనే దగ్గరుండి కట్టించింది. అది కట్టాకే కదా, గంజాయికి బానిసైన ఉమామహేశ్ మళ్ళీ మనిషయ్యాడు! వేళకు తింటున్నాడు, వెల్డింగ్ షాపుకు పోతున్నాడు. ఆ మహిమ వేంపల్లెలో ఆమె చెప్పని గడప లేదు.

మొన్న వీధిలో పోలీసులు మీటింగ్ పెట్టారు. గంజాయి అమ్మేవాళ్ళు తిరుగుతున్నారని, కొత్త మొహం కనపడితే ఫోన్ చేయమని చెప్పారు. చేయి మాత్రం చేసుకోవద్దన్నారు. మొదటి మాటే నాగలత చెవికెక్కింది.

కొత్త మొహం ఉండనే ఉంది. నెరిసిన గడ్డం, మాసిన లుంగీ. సాయంత్రమైతే పాడుబడిన మిల్లు గోడ దగ్గర చేరతాడు. కుర్రాళ్ళు గంజాయి తాగే చోటు అదే. వాళ్ళ చేతుల్లో ఏవో పొట్లాలు పెడతాడు.

ఒకరోజు అలాంటి పొట్లం ఉమామహేశ్ చేతిలో పడటం దూరం నుంచి చూసింది. ఒళ్ళు మండిపోయింది. వాడు షాపుకు మళ్ళాక పక్కింటి షంషాద్ బీని, వీధిలో ఆడవాళ్ళను వెంటేసుకుని వెళ్ళింది.

ఇక ఫోన్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? చీపుర్లు లేచాయి. పొట్లాలు మురిక్కాలువ పాలయ్యాయి. ఒక్కటైనా విప్పి చూద్దామన్న బుద్ధి ఏ తల్లికీ పుట్టలేదు.

"నా కొడుకును సంపేదానికొచ్చినావా?" నాగలత అతని చొక్కా పట్టుకుంది.

అతను చేయి అడ్డం పెట్టుకోలేదు.

"పోతాలేమ్మా. పొద్దుగూకే టయానికి మాత్రం పిల్లోన్ని ఒంటిగా ఇడ్సద్దు."

దయ్యం వేదాలు చెబుతోందని అందరూ నవ్వారు. బస్సెక్కించిందాకా వదల్లేదు.

వారం తిరక్కముందే ఉమామహేశ్ షాపు మానేశాడు. అన్నం ముట్టడు, పలకడు. చివరికి మిల్లు గోడ దగ్గరే దొరికాడు. కళ్ళు చింతనిప్పులు.

నాగలత వాడి పక్కన చతికిలబడింది. వాడి చెయ్యి పట్టుకుని చూసింది. తాయెత్తు ఉన్నచోటే ఉంది.

"ఇది ఉండంగానే ఎట్ల పోయినావురా?"

వాడు తల దించుకునే చెప్పాడు. గంజాయి మీదికి మనసు లాగినప్పుడల్లా నమలమని ఆ పెద్దాయన వేయించిన శనక్కాయలు, బెల్లం పొట్లం కట్టి ఇచ్చేవాడట. ఆ లాగుడు తగ్గిందాకా పక్కనే కూర్చునేవాడట.

యాడుంటాడాయన, పోయి కాళ్ళు పట్టుకుంటానంది నాగలత. ఊరు పేరు ఎప్పుడూ చెప్పలేదన్నాడు వాడు.

ఏం చేయాలో తోచక, అలవాటుకొద్దీ ఆ తాయెత్తునే కళ్ళకద్దుకోబోయింది.

ఉమామహేశ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు కట్టించింది ఎప్పుడో అమ్ముకుని తాగేసినామ్మా. అట్లాంటిదే ఇంకోటి ఆయన కట్టినాడు, మీయమ్మ ఉత్త చెయ్యి చూస్తే ఏడుస్తాదని. గంజాయి మత్తులో బాయిలో పడి సచ్చిన తన కొడుకు చేతిదంట."