మరియమ్మ డ్రస్సు

రెండు గౌన్లూ ఒకటే.

అదే తెలుపు, అవే చమ్కీలు, మెడ చుట్టూ అవే ముత్యాలు. ఒకరికి తెలియకుండా ఒకరు ఫోన్లో చూసి తెప్పించారు.

రోజారమణి ముఖం మాడిపోయింది. ఫ్లోరెన్స్ ముఖం ఇంకా మాడిపోయింది.

"మా జాయిస్ గౌను చూసి కాపీ కొట్టావు కదూ?" అంది రోజారమణి.

"కాపీ కొట్టడానికి మీ ఇంట్లో ఏముందని?" అంది ఫ్లోరెన్స్.

జగ్గయ్యపేటలోని ఆ స్కూల్లో ఇంకాసేపట్లో క్రిస్మస్ నాటకం. పశువుల పాకలో బిడ్డను కన్న పేదరాలి వేషం తమ కూతురికే దక్కాలని ఈ ఇద్దరు తల్లులూ నెల రోజులుగా కత్తులు నూరుతున్నారు. ఒకామె భర్త బ్యాంకు ఆఫీసరు. ఇంకొకామె భర్త సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఇద్దరికీ అంతకు మించి చెప్పుకోడానికి ఏమీ లేదు. కాబట్టి అదే చెప్పుకునేవాళ్ళు.

నాటకం వేయిస్తున్న జయరాజ్ మాస్టారు ఈ పోరు పడలేక ఓ రూలు పెట్టాడు. మరియమ్మ మాటలు క్లాసులో ఆడపిల్లలందరికీ నేర్పాడు. ఎవరి డ్రస్సు బాగుంటే వాళ్ళే మరియమ్మ. డ్రస్సు లేనివాళ్ళకి స్కూల్లో దూది ఉంది. వాళ్ళు గొర్రెలు.

ఆయన రెండు గౌన్లనూ మార్చి మార్చి చూశాడు.

"రెండూ ఒకటేనమ్మా. చీటీలు వేద్దామా?"

"చీటీలేంటండీ, ఇదేమన్నా చిట్‌ఫండా?" అంది రోజారమణి.

"అయితే మీరే తేల్చుకోండి. నేను గొల్లల సంగతి చూడాలి. నందిగామ నుంచి అద్దె డ్రస్సులు ఇంకా రాలేదు."

ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. రోజారమణి వరండాలోకి వచ్చింది. ఓడిపోతే ఆదివారం చర్చిలో ఫ్లోరెన్స్ చూసే చూపు ఇప్పుడే కళ్ళముందు కనబడుతోంది.

అప్పుడే గేటులోంచి ఒకతను పరుగులాంటి నడకతో వచ్చాడు. నెత్తిన తెల్ల టోపీ. నెరుస్తున్న గడ్డం. రెండు చేతుల మీదా, పసిబిడ్డని మోస్తున్నట్టు, నీలం రంగు అంగీ.

రోజారమణి చూపు అంగీ మీద అతుక్కుపోయింది. ముదురు నీలం, సన్నటి జరీ అంచు. ఒక్క చమ్కీ లేదు. దాని ముందు తన చేతిలో ఉన్న గౌను బ్యాండు మేళం వాళ్ళ కోటులా కనబడింది.

"నందిగామ నుంచేనా?"

"అవునండి, అంచు వేయించుకుని వస్తున్నా. చిల్లకల్లు దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి..."

"మీవాళ్ళందరిదీ ఇదే కథ. మిగతావేవి?"

అతను తెల్లబోయాడు. "ఒక్కటేనండి. మరియమ్మ వేషానికి."

"మాకు కావాల్సిందీ ఒక్కటేలే. ఇటివ్వు."

అతను ఇవ్వలేదు. "మీరు టీచరు గారాండీ?"

"ఆఁ. ఇక్కడ డ్రస్సులన్నీ నేనే చూస్తున్నా."

అతని ముఖం తేటపడింది. అంగీ అందించాడు. "మెడ దగ్గర లోపల మెత్తటి గుడ్డ వేసామండి, గుచ్చుకోదు. ఒక్కసారి నేను లోపలికి..."

"ఆడపిల్లల గదిలోకా? బుద్ధుందా నీకు? పోయి వెనక కూర్చో."

"అట్లాగేనండి."

గదిలో ఫ్లోరెన్స్ ముక్కు ఎగబీల్చింది.

"అద్దె డ్రస్సా? ఎంతమంది ఒంటి మీద చెమట ఉందో!"

"కుళ్ళుకో. బాగా కుళ్ళుకో."

అంగీ జాయిస్‌కి వదులైంది. రోజారమణి వీపు మీద పిన్నులు గుచ్చి బిగించింది. మాస్టారు వచ్చి చూసి చప్పట్లు కొట్టాడు.

"ఇదీ మరియమ్మంటే! ఎవరు కుట్టారమ్మా?"

"మా టైలరేనండీ," అంది రోజారమణి కళ్ళు కూడా ఆర్పకుండా.

తెర లేచింది. అద్దె డ్రస్సులు రానే లేదు. గొల్లలు దుప్పట్లు కప్పుకుని వచ్చారు.

స్టేజీ మీద నీలం అంగీ కనబడగానే, వెనక నిలబడ్డ తెల్ల టోపీ అతను ఫోన్ పైకెత్తాడు. అంతలోనే దించేశాడు.

'వీడికీ వీడియో కావాలేం?' అనుకుంది రోజారమణి.

జాయిస్ రెండు మాటలు చెప్పి మూడోది మర్చిపోయింది. గొర్రెల్లోంచి ఎవరో పిల్ల గుసగుసగా అందించింది. అందించిన ప్రతిసారీ జాయిస్ అప్పజెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఫ్లోరెన్స్ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది. రోజారమణికి ఆ చప్పట్ల కన్నా ఆ కట్టుకున్న చేతులే ఎక్కువ ఆనందాన్నిచ్చాయి.

నాటకం అయ్యాక ఆమె అంగీని ఉండచుట్టి తెచ్చి అతని చేతుల్లో పడేసింది.

"చూసుకో. తర్వాత చిరిగిందంటే ఊరుకోను."

అతను అంగీ విప్పాడు. మర్చిపోయిన పిన్నులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు.

"మా జాయిస్‌కి అతికినట్టుందిలే. నందిగామలో మీ షాపెక్కడ? పై ఏడాదీ నీ దగ్గరే తీసుకుంటాం."

"నాకు షాపు లేదమ్మా. పెనుగంచిప్రోల్లో ఆటో తోలతా."

"మరి ఈ డ్రస్సు?"

అతను జవాబు చెప్పేలోగా ఒక గొర్రె వచ్చి అతని పక్కన నిలబడింది. ఒంటికి అంటించిన దూది సగం ఊడిపోయింది. ఏడ్చిన కళ్ళతో అంగీ వైపు చూసింది.

అతను ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"మా ఫర్జానా వేషం కోసం వాళ్ళమ్మ కుట్టిందమ్మా, పోనీలెండి, మీ పాపకీ బాగుంది."