పక్కింటికి తెలియకుండా

ఇరుగుపొరుగు నిద్రపోయే మిట్టమధ్యాహ్నం మంచం మోసుకుని మిద్దెక్కిన జయచంద్ర నిలబడిపోయాడు. గోడకు అవతలి మిద్దె మీద పక్కింటి పాపమ్మ తన మంచం సందుల్లో మరిగే నీళ్లు పోస్తోంది.

"మీకూ నల్లులేనా సార్?"

"ఏడాదాయ పాపమ్మా. అవి పోతేగాని మనవరాల్ని తీసుకురానంటాంది పుంగనూరులో మా కూతురు. ఆదివారం గూడా మందు కొట్టించినా."

"సోమవారం నుంచే మాకు ఎక్కువాయ! శుక్రవారం మేం కొట్టిస్తిమి."

"శనివారం మళ్లీ మాకు మొదలాయ."

ఇద్దరూ నడిమి గోడ వైపు చూశారు.

"ఒకే దినం కొట్టిద్దాం," అన్నాడు ఆశగా.

"మన వరసలో మూడో ఇల్లు బీగమేసి ఉండాది గదా సార్. ఆడికి పోయి మళ్లీ వస్తాయి."

"మా అమ్మాయికి ఏం సెప్పేది?"

"మాయమ్మి తొలికాన్పుకు రానంటాంది సార్. పదిదినాలే ఉండాయి."

జయచంద్ర తన మంచం దించి, గోడ దాటి ఆమె మంచానికి రెండో వైపు పట్టుకున్నాడు.