కాలు పెట్టని బూట్లు

ప్రదర్శనకు సరుకు ఎంచడానికి బూట్ల సేకరణ సంఘం నుంచి వచ్చిన బూట్లాయన బూటును ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు ఒక అడుగు ముందుకేసింది.

"వాసన దేనికండీ?" అంది.

"జిగురు వాసన కోసం అమ్మా. సరుకు అసలుదో నకిలీదో ముక్కే చెప్తుంది. చెమట వాసన తగిలిందంటే మాత్రం కథ వేరు."

"చెమటా!" భర్త పగలబడి నవ్వాడు. "పన్నెండేళ్ళయింది సార్ కొని. ఆటగాళ్ళ కోసం చేసిన బాస్కెట్‌బాల్ బూట్లు, ఒకే రకం, రెండు జతలు. నేనే తొడగలేదు. దుమ్ము దులపాలన్నా చేతులకి గ్లవ్స్ వేసుకుంటాను. కాలు పెట్టలేదని మీ సంఘానికి సంతకం చేసి మరీ ఇచ్చాగా!"

"అది అబద్ధమని తేలితే ప్రదర్శన సంగతి దేవుడెరుగు, సంఘంలోంచే పేరు కొట్టేస్తారు. తెలుసుగా?"

"తేలితే నా తల తీసి ఆ బీరువాలో పెట్టండి."

ఆ తల ఎవరిదో ఇల్లాలికి బాగా తెలుసు. తనదే. మడమ నొప్పి మొదలైన దగ్గర్నుంచి, నలభై రోజులుగా, ఆయన ఆఫీసుకి వెళ్ళగానే కింది అరలో జత తీసి, రెండు జతల సాక్సుల మీద తొడుక్కుని హాల్లోనే నడుస్తోంది. బీరువా తాళంచెవి గోడ గడియారం వెనక ఉంటుందన్న సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. గడియారం దుమ్ము దులిపేది ఎవరో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

తొడుక్కున్నంత సేపూ భయమే. అడుగు తీసి అడుగేస్తే నేల కీచుమనేది. మధ్యాహ్నం గదిలో కునుకు తీస్తుంటే కూడా ఆ కీచు చెవిలో వినిపించేది. తప్పు చేసినవాళ్ళ చెవులంతేలే అని సరిపెట్టుకుంది.

బూట్లాయన బూటును బల్ల మీద తట్టాడు. తెల్లటి పొడి జలజలా రాలింది.

ఇల్లాలు ఆ పొడిని గుర్తుపట్టింది. రేపు బూట్లాయన వస్తున్నాడని నిన్న పొద్దున భర్త అనగానే, చెమట వాసన చావాలని బూట్లలో నాలుగు చెంచాల వంటసోడా చల్లింది. నాలుగు ఎక్కువేనేమో.

"ఇదేంటి?"

"చెమ్మ పట్టకుండా కంపెనీవాళ్ళే వేసుంటారు సార్," అన్నాడు భర్త గర్వంగా.

మూల కుర్చీలో అత్తగారు దువ్వెన కొసతో అరికాలు గోక్కుంటూ, సీరియల్ చూస్తున్నంత శ్రద్ధగా ఇదంతా చూస్తోంది.

బూట్లాయన కాగితం తీశాడు. "మూడింటికి మార్కులు. ఒకటి సుఖం, రెండు ఆట, మూడు దాచుకునే విలువ." బూటు అడుగును నేలకేసి రాశాడు. కీచుమంది. "పట్టు బ్రహ్మాండం. ఆటకి పది. ఇక సుఖం. ఈ రకంలో చిటికెన వేలు నొక్కుకుంటుందని ఒక ఫిర్యాదు..."

"అబ్బే, అస్సలు నొక్కదండీ!"

అనేశాక ఇల్లాలు నాలిక కరుచుకుంది. భర్త మెల్లగా తల తిప్పాడు.

"నీకెలా తెలుసు?"

"చూస్తే తెలియట్లేదూ? ముందు భాగం ఎంత వెడల్పుగా ఉందో!" చీపురు లేకపోయినా ఊడ్చేదానిలా ఆమె వంగి నేలకేసి చూసింది.

"ఇది చూడండి సార్." బూట్లాయన గొంతు మారింది. బూటు మీద వేళ్ళు మడతపడే చోట సన్నటి గీతలు చూపించాడు. "వీటిని ఎవరో తొడిగారు."

"జరగని పని!" భర్త మొహం ఎర్రబడింది. విసురుగా లేచి పై అరలోంచి రెండో జత తెచ్చాడు. "కావాలంటే వీటితో పోల్చి చూడండి!"

బూట్లాయన రెండో జతలో ఒక బూటు తీసి, బొటనవేలితో మడమ దగ్గర నొక్కాడు. టీలో ముంచిన రస్కులా సోల్ పొడిపొడిగా ఆయన ఒళ్ళో రాలిపడింది.

మూల కుర్చీలో దువ్వెన ఆగింది.

"దీనికి ఎవరూ కాలు పెట్టలేదు. అందుకే చచ్చిపోయింది," అన్నాడు బూట్లాయన ఒళ్ళు దులుపుకుంటూ. "ఈ రకం సోల్ ఊరికే పెడితే చెమ్మ పట్టి లోలోపలే కుళ్ళుతుంది. మనిషి బరువు పడుతుంటేనే బతుకుతుంది. ఈ మొదటి జతను మాత్రం ఎవరో తొడిగి, నడిచి బతికించారు సార్. మీరు సంతకం చేసిన ఆ కాగితం చింపి, వాడినవి అని రాసివ్వండి. వాడిన బూట్ల వరసలో వీటిని మించినవి నేను చూడలేదు. ప్రదర్శనలో ముందు వీటినే పెడతాం."

భర్త కింద పడ్డ పొడిని చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. మిగిలిన జతను చూసుకున్నాడు.

"ఎవరు?" అన్నాడు. అది కోపమో ఏడుపో తెలియలేదు. "ఎవరు తొడిగారు?"

ఇల్లాలు కొంగు అంచు పిండేసింది. చెప్పకపోతే ఈ భయం బతుకంతా ఉండేలా ఉంది.

"నేనేనండీ. మడమ నొప్పికి... హాల్లోనే... నలభై రోజుల్నుంచి. ఒట్టు, బయటికి ఒక్కడుగు పెట్టలేదు."

భర్త ఏదో అనబోయేలోపు బూట్లాయన అడ్డంగా తల ఊపాడు.

"నలభై రోజులా? కాదమ్మా. నలభై రోజులకి సోల్ ఇలా నిలవదు. ఇది కనీసం పదేళ్ళ నడక."

మూల కుర్చీలో దువ్వెన మళ్ళీ మొదలైంది.

"అదంతా సరేగానీ అమ్మాయ్," అంది అత్తగారు, "నిన్న అందులో ఏం చల్లావే? అరికాళ్ళు ఒకటే దురద!"