బంగారు మంచు

"ఏయ్, ఫొటో మీద చెయ్యి తియ్!"

త్రినాథ్ అరుపుకి హాల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు. గుళ్లోకి వస్తున్నట్టు చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాడు.

"అద్దం మీద మరకలు పడితే ఎవరు తుడుస్తారు? అసలు నిన్నెవరు లోపలికి రానిచ్చింది?"

"తప్పయిపోయింది బాబూ. దగ్గరగా చూద్దామని..."

"చూసేదేదో కళ్లతో చూడు. వేళ్లతో కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన చేతులు కట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, గోడవారన నిలబడ్డాడు. చూపు మాత్రం ఫొటో మీద నుంచి తియ్యలేదు.

గుంటూరులో త్రినాథ్ పెట్టిన మొదటి ఫొటోల ప్రదర్శన అది. గోడల నిండా మిరపకాయలు ఆరబోసిన కళ్లాలు, విచ్చిన పత్తి చేలు, కృష్ణ మీద వాలుతున్న పొద్దులు. ఎన్ని ఉన్నా, వచ్చినవాళ్లందరి కాళ్లూ ఆగిపోతున్నది ఒక్కదాని ముందే. దానికి హైదరాబాదులో మొదటి బహుమతి వచ్చింది. నిన్నటి పేపర్లో కూడా పడింది. పేరు 'ప్రార్థన'.

పొద్దుపొడుపు వేళ పత్తి చేను. చేను మీద పలచటి బంగారు మంచు. ఆ మంచు నడుమ మోకాళ్ల మీద ఒక మనిషి, ఒక చెయ్యి పైకెత్తి. ముఖం కనపడదు. అతని వెనక సూర్యుడు.

హైదరాబాదు నుంచి వచ్చిన విలేఖరి శ్రీరమ్య టేప్ రికార్డరు ముందుకు పెట్టింది.

"ఈ ఫొటో ఎలా దొరికిందో చెప్పండి సార్."

త్రినాథ్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"అదృష్టం! నిరుడు కార్తీకంలో ప్రత్తిపాడు అవతల పొలాల వెంట తిరుగుతున్నాను. కాలవ గట్టు ఎక్కేసరికి కళ్లెదుట ఇది! ఆకు కదలటం లేదు. మంచు అలా గాల్లో నిలబడిపోయి ఉంది. దాన్ని చీల్చుకుంటూ ఎండ. అలాంటి వెలుగు పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదండీ."

"మరి ఆ మనిషి?"

"ఎవడో కూలివాడు. చూస్తుండగానే మోకాళ్ల మీద కూర్చున్నాడు, సూర్యుడికి దండం పెట్టుకునేవాడిలా. అంతలో నన్ను చూసి చెయ్యి ఊపటం మొదలెట్టాడు. కెమెరా కనపడితే ఆగరు కదా వీళ్లు! 'ఒరేయ్, ఊపొద్దురా, కదలకుండా ఉండు' అని గట్టిగా అరిచాను. పాపం, బుద్ధిమంతుడు. మళ్లీ కదల్లేదు."

హాలంతా నవ్వింది. త్రినాథ్ కూడా నవ్వాడు.

"తర్వాత అతనితో మాట్లాడారా?"

"దేనికి? రీలంతా అయ్యేదాకా తీశాను. ఎండెక్కింది, వెలుగు పోయింది, నేను బండెక్కాను. మనిషి కాదమ్మా ముఖ్యం, వెలుగు. ఆ వెలుగు లేకపోతే వాడు ఉత్త నల్లమచ్చ. మనిషిని ఎప్పుడైనా నిలబెట్టచ్చు. వెలుగు ఎవరి కోసమూ ఆగదు."

గోడవార నుంచి వెక్కు వినిపించింది.

ముసలాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

త్రినాథ్ విసుక్కోబోయి ఆగాడు. కిటికీలోంచి వాలుగా పడుతున్న ఎండ ఆ ముడతల ముఖాన్ని సగం వెలిగిస్తోంది. చెంప మీద తడి మెరుస్తోంది. మెళ్లో కెమెరా పైకెత్తాడు.

"తాతా, ఆ తువ్వాలు తియ్. అలాగే ఉండు. కదలకు."

ముసలాయన తువ్వాలు దించి, చెప్పినట్టే నిలబడ్డాడు. కెమెరా క్లిక్‌మంది.

"చూశారా? అక్షరమ్ముక్క రానివాణ్ణి కూడా ఏడిపించింది నా ఫొటో. ఇది రాసుకోండి."

శ్రీరమ్య ముసలాయన దగ్గరికి వెళ్లింది. "నీ పేరేంటి తాతా?"

"యలమందయ్యంటారమ్మా. పేపర్లో బొమ్మ చూసి బస్సెక్కి వచ్చాను. ఆ చేను మాదే."

త్రినాథ్ మొహం బిగుసుకుంది. "చేను నీదైతే ఏంటట? ఫొటో నాది."

"మీదే బాబూ. నాకేమీ వద్దు. ఒక్క మాట అడిగి పోతాను."

"అడుగు, తొందరగా."

"చెయ్యి ఊపినప్పుడు వాడు మిమ్మల్ని చూశాడా? మీరున్నట్టు వాడికి తెలుసా?"

"తెలియకేం! నన్ను చూసే కదా ఊపింది."

"మీరు అరిచింది వాడికి వినపడిందంటారా?"

"వినపడబట్టేగా కదలకుండా ఉన్నాడు!"

యలమందయ్య ఆ మాటని దాచుకుంటున్నట్టుగా నెమ్మదిగా తలాడించాడు.

"అది మంచు కాదు బాబూ, మందు. పత్తి మీద పచ్చపురుగుకి కొట్టిన మందు. మీకు వాసన రాలేదా?"

త్రినాథ్ చెయ్యి తెలియకుండానే ముక్కు దగ్గరికి వెళ్లింది. ఆ పొద్దున గట్టు మీద నిలబడి, ఘాటుకి కళ్లు మండుతుంటే ముక్కుకి కర్చీఫు బిగించి కట్టుకున్నాడు తను. ఆ తర్వాతే మొదటి ఫొటో తీశాడు.

ఎవరూ నవ్వటం లేదు. టేప్ రికార్డరు తిరుగుతూనే ఉంది.

యలమందయ్య రెండు చేతులూ జోడించాడు. ఆ ముఖంలో కోపం ఇసుమంతైనా లేదు.

"మేం చేలోకి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది బాబూ, అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది. మందు కొట్టడానికి వెళ్లినవాడు నడిచేలో దిక్కులేకుండా పోయాడే అని వాళ్లమ్మ ఏడాదిగా ముద్ద మింగటం లేదు. ఇంటికెళ్లి చెబుతాను... మన పిల్లాడు పోయేటప్పుడు ఒంటరిగా లేడే, పక్కన ఈ బాబు ఉన్నారని."