భూతద్దంగారి మరమ్మతులు

"కొట్టెయ్," అన్నాడు భూతద్దం.

మేస్త్రి తాపీ కింద పెట్టాడు. "నిన్న సాయంత్రం పరిచిన టైల్స్ సార్ ఇవి. ఇంకా పూర్తిగా ఆరనే లేదు."

"అందుకే ఇప్పుడు చెబుతున్నా. ఆరాక కొట్టడం కష్టం."

జేబులోంచి గోళీ తీసి స్నానాలగది నేల మీద వదిలాడు. అది తూము వైపు వెళ్లాల్సింది పోయి, దర్జాగా దొర్లుకుంటూ గుమ్మం దాటి హాల్లోకి వచ్చి ఆగింది.

"చూశావా? నీళ్లూ ఇదే దారి పడతాయి. మనిషి స్నానం చేసి హాల్లోకి రావాలి గానీ, స్నానమే హాల్లోకి రాకూడదు."

గోళీతో వాదించడం ఎలాగో మేస్త్రికి తెలీలేదు. బయటికి వెళ్లి కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు.

"ఇంటాయన మళ్లీ కొట్టెయ్యమంటున్నారు సార్."

"వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. చెప్పినట్టు చెయ్యి," అన్నాడు కాంట్రాక్టరు.

భూతద్దం అసలు పేరు కాదు, ఫ్యాక్టరీ పెట్టిన పేరు. సీసాలు తయారయ్యే ఫ్యాక్టరీ అది. బెల్టు మీద బారులు తీరి వెళ్లే సీసాల్లో పగుళ్లున్నవి ఏరడం ఆయన ఉద్యోగం. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాణ్ని ఎక్కడైనా తిడతారు, అక్కడ మాత్రం నెలనెలా జీతం ఇచ్చారు. తర్వాత ఆ పనికి కెమెరా వచ్చింది. దానికి కళ్లజోడూ అక్కర్లేదు, టీ అక్కర్లేదు. యాభై రెండేళ్లకే ఆయన చేతిలో ఒక గోడ గడియారం పెట్టి, ఇంక హాయిగా ఉండమని పంపేశారు. గడియారం కాస్త వెనక నడుస్తోందని ఆయన వేదిక మీదే కనిపెట్టాడు గానీ, మర్యాదకి నోరు మూసుకున్నాడు.

క్వార్టరు ఖాళీ చేసి ఈ వీధికొచ్చి నెల దాటింది. పని జరుగుతున్న ఇంటికి సరిగ్గా ఎదురుగా, మేడ మీది వాటాలో, సామాన్ల పెట్టెలు కట్టిన తాళ్లతో అలాగే ఉన్నాయి. ఆయన భార్య వాటి మధ్య పక్కకి తిరిగి నడవడం అలవాటు చేసుకుంది.

"ఏమండీ, ఆ పెద్ద పెట్టయినా విప్పండి. గరిటెలన్నీ అందులోనే చచ్చాయి. టీ స్పూనుతో కూర కలుపుతున్నాను."

"అక్కడ పని అవనీ."

"ఆ ఇంటి మీదున్న ధ్యాసలో వీసమెత్తయినా ఈ ఇంటి మీద పెట్టకూడదూ?"

"ఇక్కడేముంది చూడ్డానికి?" అన్నాడాయన దిగులుగా. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఆవిడ టీ స్పూను తీసుకుని కూర కలపడానికి వెళ్లింది. ఫ్యాక్టరీ మానేసిన కొత్తలో ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఏమైందంటే ఏమీ లేదనేవాడు. అలా కూర్చోవడం కన్నా స్పూనే నయమని ఆవిడకి తెలుసు.

ఇంటివాళ్లు వస్తూ పోతూ ఉంటారని కాంట్రాక్టరు మేస్త్రికి ముందే చెప్పాడు. మొదటి రోజు భూతద్దం టేపు పట్టుకుని తిన్నగా లోపలికొచ్చి, "ఈ తలుపు ఇటు తెరుచుకుంటే మంచం ఎక్కడ వేస్తారు?" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇంక పరిచయాలు అక్కర్లేకపోయాయి. తలుపు అటు తిరిగింది.

"సార్, ఈ అడ్డగోడ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"తీసెయ్. గాలాడదు."

"హాలుకి ఏ రంగు?"

"లేత పసుపు. మబ్బు పట్టినా ఇంట్లో వెలుగుంటుంది."

"వంటగట్టు ఎంత ఎత్తు పెట్టమంటారు?"

ఆయనకి భార్య నడుం నొప్పి గుర్తొచ్చింది. "ఇంకొంచెం పెంచు. వండేవాళ్లు వంగకూడదు."

మొదట్లో మేస్త్రి లోలోపల పళ్లు నూరేవాడు. పోనుపోను దారికొచ్చాడు. గచ్చు ఆరగానే తనే వచ్చి, "ఒకసారి గోళీ వెయ్యండి సార్," అని పిలిచేవాడు. గోళీ ఎటు వెళ్తుందోనని ఇద్దరూ గొంతుక్కూచుని ఊపిరి బిగబట్టేవాళ్లు.

అలా అలా పని చివరికొచ్చింది. ఆ రోజు భూతద్దం గది గదికీ తిరిగాడు. తలుపులు వేశాడు, తీశాడు. కుళాయిలు తిప్పాడు. గోడల మీద అరచెయ్యి పెట్టి నిమిరి చూశాడు. స్నానాలగదిలో గోళీ వదిలితే, చెప్పిన మాట వినే పిల్లలా వెళ్లి తూములో పడింది.

"ఏమైనా ఉందా సార్?"

"లేదు," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది. రేపు పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్లాలి? భయమేసింది. కెమెరా వచ్చిన రోజు కూడా ఇంత భయం వెయ్యలేదు.

మేస్త్రి చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మొదట్లో మిమ్మల్ని బాగా తిట్టుకున్నాను. మా ఆవిడే సాక్ష్యం. కానీ నా చేతి మీదుగా ఇంత శుభ్రంగా వచ్చిన ఇల్లు ఇంకోటి లేదు. అంతా మీ చలవే."

ఫ్యాక్టరీలో ఎవరూ ఆయనతో ఇలాంటి మాట అనలేదు. కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందన్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇవిగోండి సార్ తాళాలు," అన్నాడు మేస్త్రి, రెండు చేతులతో అందిస్తూ. "ఇంక ఆలస్యం చెయ్యకుండా సామాను దింపించెయ్యండి."

"నాకెందుకయ్యా, ఈ ఇల్లు ఎవరిదో వాళ్లకివ్వు," అన్నాడు భూతద్దం.