చీటీ చివరి మందు

"సార్, ఒక్కమాట."

చీటీ తీసుకుని వెళ్ళిన మనిషి మళ్ళీ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

డాక్టరు విసుగ్గా తలెత్తాడు.

"నాకు కిడ్నీ వైద్యం జరుగుతోందని చెప్పడం మరిచాను. బయట పెద్దాయన చెప్పి రమ్మన్నారు."

ఇలా తిరిగొచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. డాక్టరు లేచి బయటికి వచ్చాడు.

మందుల కౌంటరు పక్క కుర్చీలో ఉన్నాడు ఆ ముసలాయన. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో నీళ్ళ సీసా. క్లినిక్‌లో అందరూ ఆయన్ని 'ఇంకేమన్నా గారు' అంటారు. చీటీతో వచ్చిన ప్రతివాళ్ళనీ, "ఇంకేమన్నా వైద్యం జరుగుతోందా అమ్మా? డాక్టరు గారికి చెప్పావా?" అని అడుగుతాడు. పసిబిడ్డ తల్లి వస్తే కుర్చీ ఇచ్చి గోడకి ఆనుకుంటాడు. తను మాత్రం ఎన్నడూ లోపలికి రాడు.

"ఏమండీ, లోపల నేను చూస్తుంటే బయట మీరు చూస్తున్నారా?"

కూర్చున్నవాళ్ళు నవ్వారు.

"నాకు వైద్యం తెలీదు బాబూ. చీటీ చివర ఆ క్యాప్సూల్ అందరికీ రాస్తారు గదా. అందరికీ పడుతుందో లేదోనని..."

"అదీ ఒక మందేనా? మంచి బ్యాక్టీరియా అండీ. పెరుగులాంటిది. యాంటీబయాటిక్‌తో కడుపు చెడకుండా రాస్తాం."

"పెరుగులాంటిదనే చెప్పారు," అన్నాడు ముసలాయన మెల్లగా.

"జబ్బుంటే లోపలికి రండి. లేకపోతే ఇక్కడ కూర్చోకండి."

"జబ్బేం లేదు బాబూ."

చేతులు జోడించి మెట్లు దిగిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ వారంలోనే దర్జీ ఆవిడ జ్వరంతో వచ్చింది. తలకి స్కార్ఫ్ చుట్టుకుని ఉంది. చలికి కట్టుకుందనుకున్నాడు డాక్టరు. యాంటీబయాటిక్ రాశాడు. చివర ఆ క్యాప్సూల్‌ని చెయ్యి తనంతట తనే రాసేసింది.

ఆవిడ బయటికి వెళ్ళింది. ఖాళీ కుర్చీ పక్కనే నిలబడి మందులు తీసుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళకి క్యాన్సర్ ఆసుపత్రి నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు.

"ఒరే, మా దగ్గర కీమో తీసుకుంటున్న దర్జీ ఆవిడకి నువ్వేనా మందు రాసింది?"

"కీమో అని నాతో అనలేదురా."

"నువ్వు అడిగావా?"

డాక్టరు చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేశాడు.

"ఆవిడ రక్తంలో పెరిగింది నీ క్యాప్సూల్‌లో ఉన్న క్రిమే. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో దాన్ని ఆపేదేముంది? ఐసీయూలో ఉంది. ఏ సంగతీ రేపటిదాకా చెప్పలేను." కాస్త ఆగి అన్నాడు. "మంచిదని అందరం రాసేస్తాం. ఎవరికి రాయకూడదో చదవం."

డాక్టరు బయటికి వచ్చి ఆ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"సిస్టర్, ఆ పెద్దాయన్ని పిలిపించండి. రోజూ వచ్చి కూర్చోమనండి."

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారట సార్. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"అసలెవరాయన?"

నర్సు తల దించుకుంది.

"మీకు గుర్తుందేమో అనుకున్నాను సార్... పోయినేడు తలకి స్కార్ఫ్ కట్టుకున్న భార్యని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి మందులు తీసుకునేవారు. ఆవిడ పోయాకే ఒక్కరే రావడం మొదలుపెట్టారు. ఆవిడ జ్వరానికి చివరిసారి చీటీ రాసింది మీరే."